తడి నీరెండ

నీరెండ రంగును కనిపెట్టింది నేనే. ఈ మాట చెప్పుకోవడానికి నాకు మొహమాటమేమీ లేదు. పెడనలో మా అద్దకం షెడ్డు వెనక రేకుల గదిలో పద్నాలుగేళ్ళు చెమటలు కక్కుతూ పనిచేసి కనిపెట్టాను. ఊళ్ళో వాళ్ళు నన్ను పిచ్చి డాక్టరమ్మ అన్నారు. అననీ. పేరు మాత్రం మా చెల్లెలు జలజ పెట్టింది. నేను పెట్టిన పేరు ఎన్-41. అది విని, "జ్వరం మాత్ర పేరులా ఉందే అక్కా, దీన్నెవరు చూస్తారు?" అని నవ్వింది. రంగు వేసిన గుడ్డముక్కను కిటికీ దగ్గర పట్టుకుని కాసేపు చూసి, "నీరెండ" అంది. ఆ పేరే ఖాయమైంది.

మాది మూడు తరాలుగా కలంకారీ అద్దకం చేసే ఇల్లు. నేను రంగుల రసాయన శాస్త్రంలో డాక్టరేటు చేసి ఇంటికే వచ్చేశాను. జలజ హైదరాబాదులో చిత్రలేఖనం చదివి తనూ ఇంటికే వచ్చేసింది. "మీ ఇద్దరికీ ఈ కాలువ నీళ్ళు తప్ప ఇంకేవీ పడవటే!" అని మా అమ్మ వెంకటరత్నం విసుక్కునేది గానీ, లోపల ఎంత సంతోషమో మాకు తెలుసు.

మొదటి గుడ్డముక్కను అమ్మకే చూపించాను. యాభై ఏళ్ళు రంగుల్లో చేతులు ముంచిన మనిషి. చూసింది, కళ్ళు నులుముకుంది, మళ్ళీ చూసింది.

"ఆకుపచ్చా?" అన్నాను.

"కాదే."

"పోనీ నీలమా?"

"ఛ." పెరట్లోకి వెళ్ళి ఒక అరిటాకు ముక్క చింపుకొచ్చి గుడ్డ పక్కన పెట్టింది. ఆకు వెలిసిపోయినట్టు కనబడింది. అమ్మ పీట మీద కూలబడి, "ఇన్నాళ్ళూ ఇది ఎక్కడ దాక్కుందే పెద్దదానా?" అంది.

నిజంగానే దాక్కుంది. మన కంట్లో రంగును పట్టే కణాలు మూడు రకాలు. వాటిలో మధ్య రకానిదో చిత్రమైన గుణం. అది ఏనాడూ ఒంటరిగా మేల్కొనదు, పక్కనున్న వాటిని లేపకుండా లేవదు. నేను తయారుచేసిన రేణువు దాన్నొక్కదాన్నే తట్టి లేపుతుంది. అలా లేపినప్పుడు కనబడేది మనిషి ఎన్నడూ చూడని రంగు. హాని చేస్తుందేమోనన్న అనుమానం నాకూ వచ్చింది. అరవై మందికి రంగు వేసిన గుడ్డముక్కలు ఇచ్చి, రోజుకు నాలుగు గంటల చొప్పున మూడు నెలలు చూడమని, కంటి డాక్టర్ల చేత పరీక్ష చేయించాను. ఒక్కరికీ ఏమీ కాలేదు. నేను కాలరెగరేశాను.

ఇక జలజ సంగతి. దానికప్పుడు ముప్ఫై ఆరేళ్ళు. పదేళ్ళలో పదకొండు ఫెలోషిప్పులకు దరఖాస్తు పెట్టింది, పదకొండూ పోయాయి. ఏ సంస్థ ఎప్పుడు గ్రాంట్లు ప్రకటిస్తుందో, ఏ ప్రదర్శనకు ఆఖరు తేదీ ఎప్పుడో దానికి నోటికొచ్చు. ప్రతి దరఖాస్తులోనూ 'మీ కళ గురించి మూడు వందల పదాల్లో రాయండి' అనే గడి ఒకటుంటుంది. దాని ముందు కూర్చుని గోళ్ళు కొరుక్కునేది. జవాబులన్నీ ఒక్కరే రాసినట్టుండేవి. 'మీ కృషి ఎంతో ప్రశంసనీయం. ఈసారికి అవకాశం ఇవ్వలేకపోతున్నాం.'

"ప్రశంసనీయమైతే ఇవ్వచ్చుగా?" అని అమ్మ అడిగేది. జలజ ఆ ఉత్తరం మడిచేసేది. రెండు రోజులు అన్నం సరిగ్గా తినేది కాదు, మూడో రోజు మళ్ళీ బొమ్మ వేసేది. నా చెల్లెలని చెప్పడం కాదు గానీ, దాని గీతలో ఉన్న ధైర్యం నేను ఇంకెవరిలోనూ చూడలేదు.

పన్నెండో దరఖాస్తు నీరెండతో పెట్టింది. హైదరాబాదులోని నవవర్ణ ఫౌండేషన్ వాళ్ళు ఉత్తరం రాయలేదు. ఆ సంస్థ డైరెక్టర్ శార్వాణి గారు స్వయంగా కారేసుకుని పెడన వచ్చారు. రేకుల గదిలో జలజ బొమ్మ ముందు పావుగంట నిలబడి, ఫెలోషిప్ అక్కడే ఖాయం చేశారు.

తొమ్మిది బొమ్మలతో మొదటి ప్రదర్శన బంజారాహిల్స్‌లో జరిగింది. జనం రోడ్డు మలుపు దాకా వరస కట్టారు. ఒక పెద్దాయన ఆరు రోజులూ వచ్చి ఒకే బొమ్మ ముందు కూర్చున్నాడని శార్వాణి గారు ఫోన్లో చెబుతుంటే జలజ ఫోను స్పీకర్లో పెట్టి అమ్మకు వినిపించింది. వెంటనే రెండో ప్రదర్శన ప్రకటించారు. నలభై అడుగుల గుడ్డను గోడలా బిగించి, జనం చూస్తుండగా జలజ మూడు రోజుల్లో దాన్ని నింపాలి. దాంతోపాటే నీరెండ గ్రాంటు. దరఖాస్తు పెట్టిన చిత్రకారుల్లో పన్నెండు మందిని ఎంపికచేసి, ఏడాది పాటు జీవనానికి ఇబ్బంది లేకుండా చూసి, తలా ఒక జాడీ రంగు ఇస్తారు. నేను జాడీలు నింపడం మొదలుపెట్టాను.

అలాంటి రోజుల్లో ఒక ఉదయం అమ్మ నిల్వపచ్చడి పెడదామని కిలో పండుమిరపకాయలు తెమ్మని జలజను పంపింది. తెచ్చిన సంచీని అమ్మ చేటలో గుమ్మరించింది. సగానికి సగం పచ్చివి.

"కళ్ళెక్కడ పెట్టుకున్నావే చిన్నదానా? పచ్చివీ పండువీ కలిపి తెచ్చావు!"

"కొట్టువాడు కలిపేసుంటాడమ్మా. ఏరేద్దాం ఇలా ఇవ్వు," అని జలజ చేట ముందు కూర్చుంది.

నేను కాఫీ తాగుతూ చూస్తున్నాను. ఒక్కో కాయనూ తీసి వేళ్ళతో నొక్కుతోంది. మెత్తగా ఉంటే ఇటు, గట్టిగా ఉంటే అటు వేస్తోంది. ప్రపంచానికి కొత్త రంగు చూపించిన చిత్రకారిణి మిరపకాయల్ని నొక్కి చూసి ఏరుతోంది. నేను గ్లాసు కింద పెట్టేశాను.

"రా ఒకసారి" అని రెక్క పట్టుకుని గదిలోకి లాక్కెళ్ళాను. రంగు చుక్కల్లో అంకెలు దాచిన అట్టలు ఉంటాయి, వాటిని ముందు పెట్టాను. కుడికన్ను మూయించి ఎడమ కంటితో చూడమంటే ఒక్క అంకె చెప్పలేకపోయింది. ఎడమ కన్ను మూయించి చూపిస్తే పదింటికి ఏడు చెప్పింది.

"ఎప్పటినుంచి?"

"రెండు నెల్లయింది."

"ఎలా కనపడతన్నాయి?"

"ఎడమ కంటికి ఎరుపూ ఆకుపచ్చా ఒకటే అక్కా. బురద రంగు. నీరెండ నల్లగా ఉంటది. కుడికంటికి ఇంకా బానే ఉంది, రెండూ తెరిస్తే కలగాపులగం."

"ఎందుకు చెప్పలేదే?"

"చెప్తే ఆపేత్తావుగా," అంది, అట్టల్ని సర్ది బల్ల మీద పెడుతూ.

బొమ్మ వేసేటప్పుడు కొలత కోసం కుడికన్ను మూయడం దానికి అలవాటు. ఎడమ కన్ను ఒక్కదాన్నే తెరిచి, ముఖం గుడ్డకు జానెడు దూరంలో పెట్టి, గంటల తరబడి తడి రంగును చూస్తూ గీస్తుంది. తడి రంగు. ఆ మాట తట్టగానే కొలిచే పరికరం బయటికి తీశాను.

అద్దకం ఇంట్లో తడి రంగును ఎవరూ రంగుగా లెక్కపెట్టరు. కాలువలో జాడించి తీసిన గుడ్డను చూసి మా తాత ఏనాడూ బాగుందనీ బాగాలేదనీ అనలేదు. ఇసుకలో ఆరేసి, పూర్తిగా ఆరాక చేతిలోకి తీసుకుని అప్పుడు తలాడించేవాడు. అమ్మా అంతే. ఆ ఇంట్లో పుట్టిన నేనూ అంతే. అరవై మందికి ఇచ్చినవి ఆరిన గుడ్డముక్కలు. పరికరాల కింద పెట్టినవీ ఆరినవే. తడిగా ఉన్నప్పుడు కొలిచి చూడాలన్న ఆలోచన పద్నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా రాలేదు. ఇంకో ఇంట్లో పుట్టి ఉంటే మొదటి వారంలోనే కొలిచేదాన్ని.

అప్పుడు కొలిచాను. గుడ్డ మీద ఆరిన రేణువులు పడుకుని ఉంటాయి, తడిలో నిలబడి ఉంటాయి. తడి రంగు బలం ఆరినదానికి పదకొండు రెట్లు. అంత బలంగా గంటల తరబడి లేపితే ఆ మధ్య కణాలు అలిసి, చచ్చిపోతాయి. చచ్చినవి మళ్ళీ పుట్టవు. కలిపి మూతపెట్టే నాకు తడి రంగు కంట పడేది నిమిషమే, దానికి గంటలు. ఆ కాగితం మీద అంకెల్ని చూస్తూ వెక్కి వెక్కి ఏడ్చాను. నా చెల్లెలి కన్ను తీసింది నేను.

ఏడుపు అయ్యాక జాడీలన్నీ బీరువాలో పెట్టి తాళం వేశాను. ముందు శార్వాణి గారికి ఫోన్ చేసి ప్రమాదం సంగతి చెప్పాను. తర్వాత జలజకు చెప్పాను. ఇల్లు పీకి పందిరేసింది.

"మూడు రోజులే గదే! మూడు రోజులు వేసి మానేత్తాను!"

"మూడు రోజులకి కుడికన్ను కూడా పోయిద్ది. నీకే కాదు, ముందు వరసలో నిలబడి చూసేవాళ్ళకీ దెబ్బే."

"వాళ్ళని దూరంగా నిలబెట్టమందాం. నా కన్ను నా ఇష్టం."

"నీ కన్ను నీ ఇష్టమైతే నా రంగు నా ఇష్టం. ఇవ్వను."

"నీకేం తెలుసే? నీ గదిలో నువ్వు పనిచేసుకోవడానికి ఎవడి సంతకమూ అక్కర్లేదు. నేను పదకొండు సార్లు చెయ్యి చాపాను. పదకొండు సార్లు! ఇప్పుడు పిలిచి పెడతంటే వద్దని ఎలా చెప్పమంటావు?" అని గుక్కపట్టి ఏడ్చింది. దగ్గరకు తీసుకోబోతే విదిలించి కొట్టింది.

వారం తర్వాత ఇద్దరం కలిసి హైదరాబాదు వెళ్ళాం. రైల్లో జలజ నాతో ఒక్క మాట మాట్లాడలేదు. నేను ఇచ్చిన పులిహోర మాత్రం తిన్నది.

శార్వాణి గారు మంచి మనిషి. నేను చెప్పిందంతా ఓపిగ్గా విన్నారు. "మీరు ఫోన్ చేసిన రోజే మా లాయర్‌తో మాట్లాడాను నాంచారమ్మ గారూ. దరఖాస్తులో ఒక వాక్యం కలిపి, అప్పటికే దరఖాస్తు చేసిన ఆరువందల నలభై మందికీ మళ్ళీ పంపించాం. 'ఈ రంగు వాడటం వల్ల నా కంటికి హాని కలిగినా అభ్యంతరం లేదు' అని. ఇష్టంలేని వాళ్ళు తప్పుకోవచ్చని కూడా రాశాం."

"ఎంతమంది తప్పుకున్నారు?" అన్నాను.

ఆవిడ నా ముఖం చూడలేక బల్ల వైపు చూశారు. "ఒక్కరూ తప్పుకోలేదు."

ల్యాప్‌టాప్ మా వైపు తిప్పారు. జలజ ఒక్కొక్కటే చదవడం మొదలుపెట్టింది. కడప, పార్వతీపురం, మంచిర్యాల, తెనాలి. ఇరవై రెండేళ్ళ వాళ్ళు, అరవై ఏళ్ళ వాళ్ళు. అందరూ ఆ వాక్యం పక్కన టిక్కు పెట్టారు. ఒక దరఖాస్తు దగ్గర దాని వేలు ఆగిపోయింది. నంద్యాలలో ముప్ఫై ఏళ్ళుగా దుకాణాలకు బోర్డులు రాసే ఓబులేసు అనే ఆయనది. మూడు వందల పదాలు రాయాల్సిన గడిలో మూడే పదాలు రాశాడు. 'ఒక కన్ను చాలు.'

జలజ దాన్ని నాకు చూపించింది. "నేనైనా ఇదే రాసేదాన్నక్కా," అంది నాతో. వారం రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట అది. తర్వాత ల్యాప్‌టాప్ మూసి, "మేడమ్, ఆ గోడ నేను వెయ్యను. జాడీలు కూడా ఎవరికీ ఇవ్వద్దు," అంది.

"నా పరిస్థితి కూడా చూడండి జలజ గారూ," అన్నారు శార్వాణి గారు. "ఆ గోడ కోసమే దాతలు ముందుకొచ్చారు. గోడ లేకపోతే ప్రదర్శన లేదు. ప్రదర్శన లేకపోతే మీ ఫెలోషిప్ రద్దవుతుంది, పన్నెండు గ్రాంట్లూ పోతాయి. నెలరోజులు టైముంది. ఈలోపు మీరేమైనా దారి చూపిస్తే నేను మీ వెనకే ఉంటాను."

ఇంటికొచ్చి అమ్మకు మొత్తం చెప్పాం. అప్పటిదాకా కన్ను సంగతి దాచాం. విని అమ్మ జలజ ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని ఎడమ కంటి మీద ముద్దు పెట్టుకుంది. మమ్మల్నిద్దర్నీ కడిగిపారేసింది. చేతకాని చదువులనీ, ఇంట్లో ఒక ముసలిది ఉందన్న ధ్యాసే లేదనీ చెడామడా తిట్టింది. తిట్టడం అయ్యాక కొంగుతో ముఖం తుడుచుకుని నా వైపు తిరిగింది.

"తడి రంగు కంట పడకూడదు, అంతేగా నువ్వు చెప్పేది?"

"అంతే."

"మనం పటిక నీళ్ళు అద్దేటప్పుడు ఎరుపు కనపడిద్దా?"

కనపడదు. మా అద్దకంలో ఎరుపును నేరుగా ఎవరూ వేయరు. పటిక నీళ్ళతో అచ్చు వేస్తారు. అది గుడ్డ మీద కనిపించీ కనిపించనట్టు ఉంటుంది. ఆ గుడ్డను రంగునిచ్చే చెక్క వేసిన నీళ్ళలో ఉడకబెట్టినప్పుడే, పటిక పడినచోట మాత్రమే ఎరుపు పుడుతుంది. పుట్టిన దగ్గర్నుంచీ రోజూ చూస్తున్న పని. పద్నాలుగేళ్ళు రంగును జాడీలోనే తయారుచేయాలని కూర్చున్నాను తప్ప, గుడ్డ మీద పుట్టించవచ్చని తోచలేదు. డాక్టరేటట, డాక్టరేటు!

పంతొమ్మిది రోజుల్లో నీరెండను రెండు ముక్కలు చేశాను. ఒక ముక్క మంచినీళ్ళలా ఉంటుంది, దాంతో బొమ్మ వేయాలి. రెండోది మూత బిగించిన బాయిలర్లో ఉంటుంది. గుడ్డ అందులో ఉడికి, అందులోనే జాడింపు అయి, అందులోనే ఆరి బయటికొస్తుంది. తడి రంగు ఏ కంటికీ కనబడదు. నేను గర్వపడే పని ఏదైనా ఉంటే మొదటిది కాదు, ఇదే.

కష్టమంతా జలజకే వచ్చింది. వేసిన గీత వేసినట్టే ఆరిపోయి మాయమైపోయేది. "ఎక్కడ ఆపానో నాకే తెలవట్లేదే!" అని కుంచె విసిరేసేది. మళ్ళీ తనే వెతుక్కుని తెచ్చుకునేది. చివరికి ఎడమ చేతిని గుడ్డ మీద ఆనించి, జానలతో కొలుచుకుంటూ, కుడిచేత్తో గీయడం పట్టుబడింది.

ప్రదర్శన మొదటి రోజు హాల్లో ముప్ఫై మంది కూడా లేరు. తెల్లగుడ్డ మీద ఒకావిడ నీళ్ళతో గీస్తుంటే ఏం చూస్తారు? శార్వాణి గారి ముఖంలో నెత్తురు చుక్క లేదు. కానీ జలజ ఏం వేస్తోందో ఎవరికీ తెలియదనీ, వేసే మనిషికీ కనబడటం లేదనీ ఆ నోటా ఈ నోటా పాకింది. రెండో రోజు హాలు నిండింది. మూడో రోజు నిలబడటానికి చోటులేదు. జలజ ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

మూడో రోజు మధ్యాహ్నం గుడ్డను చుట్టి హాలు వెనక పెరట్లో పెట్టించిన బాయిలర్లోకి ఎక్కించాం. ఎంతసేపు ఉడకాలో నేను లెక్కగట్టి ఉంచుకున్నాను. అమ్మ బాయిలర్ పక్కన కుర్చీ వేయించుకుని, లోపలి చప్పుడు వింటూ కూర్చుంది. నా లెక్క ప్రకారం ఇంకా పది నిమిషాలు ఉండగానే, "ఇక చాలు, ఆపు" అంది. నేను మారుమాట్లాడకుండా ఆపేశాను.

మర్నాడు ఉదయం గుడ్డను మళ్ళీ గోడకు బిగించి తలుపులు తెరిచారు. నలభై అడుగుల పొడవునా మనుషులు. వరసలు వరసలుగా నిలబడి ఉన్నారు. ఒక్కొక్కరూ నాలుగైదు గీతలే, కానీ ఎవరికి వారే. సంచీ భుజానికి తగిలించుకున్నవాళ్ళు, చుట్టిన బొమ్మను చంకలో పెట్టుకున్నవాళ్ళు, పిల్లను ఎత్తుకున్న తల్లులు. లెక్కపెట్టిన వాళ్ళు ఆరువందల నలభై అన్నారు. అంతా నీరెండలో వెలుగుతున్నారు. దరఖాస్తులోంచి ఆ వాక్యాన్ని కొట్టేశామని శార్వాణి గారు మైకులో చెప్పి, పన్నెండు పేర్లు చదివారు. అందులో ఓబులేసు పేరుంది. ఆయనకూ మిగతావాళ్ళకూ నీళ్ళలాంటి రంగుతోనే పని, కళ్ళకు ఢోకా లేదు.

నేను గోడను చూడలేదు, జలజను చూస్తున్నాను. ఆ నెలరోజుల్లో దాని కుడికన్నును పరీక్షించే ధైర్యం నాకు లేకపోయింది. పదింటికి ఏడు చెప్పిన కన్ను ఇప్పుడు ఎన్ని చెబుతుందో అడగలేదు, అదీ చెప్పలేదు. ఒకవేళ ఆ గోడ దానికి నల్లగా కనబడుతుంటే? దగ్గరికెళ్ళి, "కనపడతందా?" అన్నాను.

జలజ గోడ ఒక చివర నుంచి నడవడం మొదలుపెట్టింది. జనం పక్కకు తప్పుకుని దారిచ్చారు. ముప్ఫై అడుగులు దాటాక ఆగి, ముఖం గుడ్డకు దగ్గరగా పెట్టి, మొహం చిట్లించింది.

"అక్కా, ఇట్రా. ఈవిడ భుజం పల్చబడింది చూడు. మొన్న పొద్దుకూకేటప్పుడు చెయ్యి లాగేసింది, అప్పుడేసిందిదే. ఛ, పాడుచేశాను."

నేను చూశాను. దగ్గరగా చూశాను, దూరం జరిగి చూశాను. నేను కనిపెట్టిన రంగు, పద్నాలుగేళ్ళు చూసిన రంగు. నాకే తేడా కనబడలేదు. అమ్మను పిలిచి చూపించాను, ఆవిడకూ తెలియలేదు. కారులోంచి కొలిచే పరికరం తెప్పించి ఆ భుజం మీద పెట్టాను. రంగు అక్కడ నూటికి నాలుగు పాళ్ళు తక్కువుంది. అంతమంది జనం మధ్య నిలబడి, సిగ్గులేకుండా, నా చెల్లెల్ని పట్టుకుని ఏడ్చాను.